బుల్లెమ్మ నీళ్ళు

టెక్కలి, కాలేజీ హాస్టల్
23 జూన్ 2024

మావా,

ఇక్కడ ఫోన్లు లాగేసుకున్నారు. ఆదివారం మూడు నిమిషాలు మాట్లాడనిస్తారట, అదీ వార్డెన్ పక్కన నిలబడి వింటూండగా. అందుకే ఈ ఉత్తరం. ధనమ్మ పెద్దమ్మ ఆదివారం ఎండుచేపల బుట్టతో టెక్కలి బస్సెక్కుతుంది కదా, గేటు దగ్గర ఆగి తీసుకుంటానంది. నువ్వూ ఆవిడకే ఇచ్చి పంపు. నవ్వకు. ఏడో తరగతి వరకూ చదివావు, ఉత్తరం రాయడం వచ్చు నీకు.

నేను చేరి వారం. అన్నం బాగానే ఉంది. బెంగంతా బుల్లెమ్మ మీదే. అమ్మ పోయిన నెలకి నువ్వు బరంపురం వెళ్ళి, నీటి సంచిలో దాన్ని పట్టుకొచ్చిన రోజు గుర్తుందా? "పుట్టినకాడ్నుంచి సేపల్ని అమ్ముకున్నోణ్ణి, ఈయేళ సేపని కొన్నాను" అని ఊరంతా చెప్పుకున్నావు. అది చేప కాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను. దాని పేరు ఆక్సలాటిల్. కప్పలకి చుట్టం, ఉభయచరం. కాకపోతే జీవితమంతా నీళ్ళలోనే ఉండిపోతుంది, మొప్పలు తల బయటే ఈకల్లా ఉంటాయి.

రెండేళ్ళుగా దాని పని నేనే చూశాను, నువ్వు బోటు మీద ఉండేవాడివి. కాబట్టి జాగ్రత్తగా విను. దానికి వేడి పడదు. ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు గడ్డ కట్టించి, మూత తీయకుండా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తొట్టెలో వేయాలి. రెండు రోజులకొకసారి రెండు వానపాములు. మందు కొట్టిన తోటలోవి వద్దు. నీళ్ళు తరచూ మార్చాలి, లేకపోతే దాని మలమే దానికి విషమవుతుంది.

జబ్బు గుర్తులు వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. గోడకి అంటించి రోజూ చూడు. తిందా? ఒళ్ళు వాచిందా? రంగు మారిందా? తోక కొన వంకర తిరిగిందా? మొప్పల కుచ్చు తగ్గిందా? ఒక్కదాంట్లో తేడా అనిపించినా నాకు రాయి. దాచకు.

అత్తకి చెప్పు, నా గళ్ళ దుప్పటి పంపమని.

భవ్య

*

గుల్లపేట
6 జూలై

అమ్మడికి,

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళయింది. అప్పుడు రాసింది మీ అత్తకి. ఆవిడ ఇప్పటికీ దాని గురించి వెటకారం చేస్తుంది.

బుల్లెమ్మకి ఇల్లు మార్చాను. నీ గాజు తొట్టె మధ్యాహ్నానికి టీ నీళ్ళలా అయిపోతోంది. ఐసు వేసి చేపలు పట్టుకెళ్ళే మన థర్మోకోల్ పెట్టె ఉంది కదా, దాన్ని నాలుగు రోజులు ఎండబెట్టి, నీచు వాసన పోయేదాకా కడిగి, అందులో దింపాను. సీసా వేసి మూత సగం మూస్తే సాయంత్రం దాకా చల్లగానే ఉంటోంది. ఇంత చదివావు, నీకు తట్టిందా ఇది?

ధనమ్మ వచ్చి చూసి మూతి తిప్పింది. "ఏటి ఢిల్లీరావూ, ఊరంతా పెట్టిలోని సేపని సంతకి తీసుకెల్తారు, నువ్వు పెట్టిలో ఎట్టి పెంచుతన్నావేటి?" అంది. "దానికి కాల్లున్నాయి, అదే నడిసి ఎల్తాదిలే" అన్నాను.

నువ్వడగకముందే చెప్తాను, నేను ఇంటిదగ్గరే ఉన్నాను. వేట నిషేధం ఎత్తేసి బోట్లన్నీ వెళ్ళాయి గానీ మన ఇంజను మరమ్మతులో ఉంది. నాతో వేటకొచ్చే కొండబాబు వేరే బోటెక్కాడు. నాకు పనేం లేదు కాబట్టి బుల్లెమ్మకి గుమాస్తాగా చేరాను. బోటు ఎప్పుడు దిగింది, ఎప్పుడొచ్చింది అని గుర్తులు పెట్టుకునే కేలండరు ఉంది కదా, ఆ గళ్ళలోనే దాని సంగతి రోజూ రాస్తున్నాను. తిన్నది, తినలేదు, నీళ్ళు మార్చాను, ఇలాగ.

నీళ్ళ విషయం నువ్వు మరిచిపో. ఏ లోటూ రానివ్వను.

ఒకటి అడుగుతాను, ఊరికే. దీని కాలు ఊడిపోతే మళ్ళీ మొలుస్తాదని నువ్వు ఒకసారి చెప్పావు. పైవేనా, లోపలివి కూడానా? గుండె, కిడ్నీ అలాంటివి? తెలిస్తే రాయి. తెలియకపోతే వదిలేయ్.

దుప్పటి పంపుతున్నాను. అందులో చుట్టిన జీడిపప్పు ఒక్కదానివే తిను.

మావ

*

టెక్కలి
21 జూలై

మావా,

థర్మోకోల్ పెట్టె సంగతి మా జువాలజీ సార్ శ్యాంసుందర్ గారికి చెప్తే పడీపడీ నవ్వి, "మీ మావయ్యని తీసుకొచ్చి పాఠం చెప్పించాలి" అన్నారు. గర్వంతో నా తల బరువెక్కింది.

నువ్వడిగిన ప్రశ్న కూడా ఆయన్నే అడిగాను. కాలు, తోక, మొప్పలు పూర్తిగా మొలుస్తాయట. గుండెలో, మెదడులో ముక్క పోయినా పూడుకుంటుందట! కిడ్నీ సంగతి చదివి చెప్తానన్నారు. నువ్వు ఇంత మంచి ప్రశ్న అడుగుతావనుకోలేదు. క్లాసులో అందరికీ చెప్పాను, మా మావ అడిగాడని.

కానీ ఇవాళ పొద్దున ఫోనులో అత్త "బుల్లెమ్మ రెండు మాట్లు వానపాం ఎర్ర పెడితే తినకండా ఒగ్గీసినాది" అంది. నువ్వు ఫోను లాక్కుని "ఏమీ నేదు, ఏమీ నేదు" అన్నావు. కాగితం చూసి అయిదు ప్రశ్నలకీ జవాబు రాసి పంపు. పరీక్షలాగా.

ఇంజను బాగయిందా?

భవ్య

*

గుల్లపేట
10 ఆగస్టు

అమ్మడికి,

ఇక్కడ మేమందరం క్షేమం.

పరీక్ష రాస్తున్నాను, తిట్టకుండా దిద్దు. తినడం లేదు, ఇవాళ్టికి తొమ్మిది రోజులు. వాపు లేదు. రంగు కొంచెం పాలిపోయింది. తోక కొన గాలంలాగా వంకర తిరిగింది. మొప్పల కుచ్చు సగానికి సగం తగ్గింది, ఉన్నవి ముందుకి ముడుచుకున్నాయి. ఎడమవైపు మొప్ప మీద దూదిలాగా తెల్లగా ఏదో పట్టింది. నాలుగు రోజులైంది. నేను రాయలేదు, తగ్గిపోతాదనుకున్నాను.

నేనేం తక్కువ చేయలేదు. పెట్టె చల్లగా ఉంది. రోజు విడిచి రోజు నీళ్ళు మొత్తం పారబోసి కొత్తవి పోస్తున్నాను. ముందు సగమే మార్చేవాణ్ణి. నలతగా ఉందని మొత్తం మార్చడం మొదలెట్టాను. నేను ఎంత మారుస్తుంటే అది అంత దిగజారిపోతోంది. పొద్దున లేచి మూత తీయాలంటే చెయ్యి రావడం లేదు. సముద్రంలో గాలివాన వచ్చినా ఇంత భయపడలేదు నేను.

దాన్ని చూసి నాకూ అన్నం సయించడం లేదు. మీ అత్త నా మీద కేకలు వేస్తోంది. "ఆ జంతువుకి ఒల్లు బాగోపోతే నువ్వెందుకు మానీడం? నీ మొకం సూసుకో ఓపాలి" అంటోంది. ఆడవాళ్ళ మాటలు అలాగే ఉంటాయి.

ఏం చేయాలో బేగి రాయి.

మావ

*

టెక్కలి
18 ఆగస్టు

మావా,

తొమ్మిది రోజులా? తొమ్మిది రోజులు తినకపోతే ఇప్పుడా రాయడం?

కోపంగా రాస్తున్నాను, క్షమించు, కానీ రాస్తాను. అమ్మప్పుడూ మీరంతా ఇలాగే చేశారు. అమ్మ పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే "ఎండకి" అన్నారు. అన్నం తినకపోతే "ఉపవాసాలు ఎక్కువయ్యాయి" అన్నారు. మొహం పాలిపోతే పౌడర్ రాసుకుంది. పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి రెండు కిడ్నీలూ పోయాయి, డయాలిసిస్ తప్ప దారి లేదన్నారు. నేను పద్నాలుగేళ్ళదాన్ని, నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. నాకు గుర్తుల కాగితం రాసే అలవాటు అప్పటి నుంచే వచ్చింది.

ఇప్పుడు చేయాల్సింది. లీటరు నీళ్ళకి రెండు చెంచాల ఉప్పు, చల్లటి నీళ్ళలో. మన నౌపడా కల్లుప్పే, ప్యాకెట్ ఉప్పు కాదు. పది నిమిషాలు అందులో ఉంచి తీసెయ్, పొద్దున, సాయంత్రం. వాచీ చూసుకుని పది నిమిషాలే, ఎక్కువ మంచిదని ఇరవై చేయకు. ఎండిన బాదం ఆకు ఒకటి కడిగి పెట్టెలో వెయ్యి, నీళ్ళు ఎర్రబడతాయి, భయపడకు. వానపాము ముక్క దాని నోటి ముందు ఊపు. తినకపోతే తీసెయ్, కుళ్ళనివ్వకు.

అసలు సార్ అంటున్నది, ఏ తప్పూ లేకుండా ఇలా అవ్వదని. రెండు సీసాల నీళ్ళు పంపు. ఒకటి పెట్టెలోవి, రెండోది నువ్వు కొత్తగా పోసే నీళ్ళు. సీసాల మీద పేర్లు రాయి. సార్ దగ్గర నీళ్ళు పరీక్షించే సామాను ఉంది.

అది పోతే నేను ఇక్కడ చదవలేను మావా. నవ్వే వాళ్ళు నవ్వనీ. అమ్మ పోయాక ఆ ఇంట్లో నేను బతికించింది అదొక్కటే.

భవ్య

*

గుల్లపేట
24 ఆగస్టు

అమ్మడికి,

ఇక్కడ మేమందరం క్షేమం.

ధనమ్మ బుట్టలో చేపల కింద రెండు సీసాలు పెట్టాను. మూతలు గట్టిగా బిగించి మైనం పోశాను. నీలం మూతది పెట్టెలో నీళ్ళు. తెల్ల మూతది కొత్త నీళ్ళు.

తెల్ల మూతవి ఎక్కడివో నీకు తెలిసిపోతాది కాబట్టి నేనే చెప్తున్నాను. ఆటోలో ప్లాంటు నుంచి వచ్చే క్యాను నీళ్ళు. మన పేటకి కుళాయి ఇంకా రాలేదు కదా. నువ్వు ఏ నీళ్ళు పోసేదానివో నాకు తెలియదు. నువ్వు వెళ్ళాక, బోరు నీళ్ళేనని మీ అత్త మోహిని చెప్పింది. మా అప్ప, మీ అమ్మ, ముప్పై ఏళ్ళు ఆ బోరు నీళ్ళే తాగింది. వాటివల్లేనని డాక్టర్లెవరూ తేల్చి చెప్పలేదు, నిజమే. కాదని కూడా చెప్పలేదు. మా అప్పని తిన్న నీళ్ళని, అప్ప కూతురు చేతిలో పెట్టి వెళ్ళిన జీవానికి నేనెలా పోస్తాను? శుద్ధి చేసిన నీళ్ళుండగా నా చెయ్యి ఎలా వస్తాది?

ఉప్పు నీళ్ళు పోస్తున్నాను, వాచీ చూసుకునే. దూది కొంచెం వీడింది. తినడం లేదు.

మాకు తాగడానికి ఏ లోటూ లేదు.

మావ

*

టెక్కలి
1 సెప్టెంబరు

మావా,

నీ మీద కోపం పోయింది. ఇప్పుడు ఉన్నది కోపం కాదు, అదేమిటో నాకు పేరు తెలియదు.

ముందు బుల్లెమ్మ సంగతి. తప్పు నీ క్యాను నీళ్ళదే. సార్ మా అందరి ముందే పరీక్ష చేశారు. ప్లాంటులో వడకట్టేటప్పుడు నీళ్ళలోని సున్నం, లవణాలు అన్నీ పోతాయి. మనం అన్నం తింటాం కాబట్టి మనకి ఫర్వాలేదు. దానికి నీళ్ళే ఒంటి మీద బట్ట. ఆ చప్ప నీళ్ళలో దాని ఒంట్లో ఉన్న లవణాలు కూడా బయటికి పోతాయట. దానికి మన బోరు నీళ్ళలాంటి గట్టి నీళ్ళే కావాలి. రెండేళ్ళు అది నవనవలాడుతూ ఉన్నది ఆ నీళ్ళతోనే. ఏ నీళ్ళో నీకు చెప్పాలని నాకు తోచలేదు. పెరట్లో పంపు కింద బిందె పెట్టడం నాకు ఊపిరి పీల్చినంత మామూలు. కాబట్టి తప్పు నాది కూడా.

ఒక్కసారి మార్చకు, తట్టుకోలేదు. మొదటి రోజు మూడు పాళ్ళు క్యాను, ఒక పాలు బోరు. తర్వాత సగం సగం. వారానికి మొత్తం బోరు. బోరు నీళ్ళు ఒక పూట పట్టి ఉంచి, చల్లార్చి పొయ్యి. మీ ఇద్దరూ మాత్రం క్యాను నీళ్ళు తప్ప చుక్క వేరేది ముట్టకూడదు. మనకి ఏది మంచిదో దానికి అది చెడ్డది, అంతే.

ఇప్పుడు రెండో సంగతి. ఇంటికి రోజు విడిచి రోజు రెండు క్యాన్లు వస్తాయి. ఆ పెట్టె నిండడానికి దాదాపు రెండు క్యాన్లూ పడతాయి. రాత్రంతా కాగితం మీద వేసి చూసుకున్నాను మావా, ఎలా చూసినా మీ ఇద్దరికీ చాలినన్ని మిగలలేదు. పొద్దున ధనమ్మ పెద్దమ్మని గేటు దగ్గర పట్టుకుని అమ్మ మీద ఒట్టు పెట్టించాను.

ఆవిడ అంతా చెప్పేసింది. "మీ అత్తకి ఓ బిందిడు పక్కన ఎట్టీసి, ఆడు బోరు పంపు కింద దోసిలి ఎట్టి తాగుతన్నాడే గుంటా. అడిగితే సిన్నప్పట్నుంచీ తాగిందే గదా అంతాడు. కాల్లు సూసినావా ఆడివి, కుండల్లాగున్నాయి. ఉగాదికి ముందర పేటలో రకతాలు తీసినారు సూడు, ఆ కాయితం వలల పెట్టిలో దాసినాడు. ఆడు బోటెక్కి ఎన్నాల్లైందనుకున్నావు?" అంది.

పాడైంది ఇంజను కాదు కదా మావా.

లోపలివి కూడా మొలుస్తాయా అని అడిగావు. నేను సంబరంగా క్లాసులో అందరికీ చెప్పాను, మా మావ ఎంత మంచి ప్రశ్న అడిగాడో చూడండని. ఆ రోజు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. సార్ చదివి చెప్పారు. బుల్లెమ్మకి కిడ్నీ కూడా కొంత బాగుపడుతుందట. మనకి మొలవదు. ఉన్నది కాపాడుకోవాలి, అంతే. కాపాడుకోవచ్చు కూడా, ముందే చూసుకుంటే. అమ్మకి ఆ వ్యవధి దొరకలేదు, నీకు ఉంది.

నువ్వు పలాస వెళ్ళాలి. అత్తతో వెళ్ళాలి, ఒక్కడివే వెళ్ళి "అంతా బాగుందన్నారు" అని చెప్పడానికి వీల్లేదు. వలల పెట్టెలో కాగితం కూడా పట్టుకెళ్ళాలి. ఇకమీదట "అందరం క్షేమం" అని మొదలుపెట్టే ఉత్తరం వస్తే విప్పకుండా ధనమ్మ పెద్దమ్మకే తిరిగిచ్చేస్తాను. ఒట్టు.

భవ్య

*

గుల్లపేట
21 సెప్టెంబరు

అమ్మడికి,

ఈసారి ఆ మాట రాయడం లేదు. విప్పి చదువు.

ముందు నీ బుల్లెమ్మ. నువ్వు చెప్పినట్టే పాళ్ళు మార్చుకుంటూ వచ్చాను. మొదటి రోజు బోరు నీళ్ళు చెంబుతో కొంచెం కొంచెంగా పోశాను. అప్ప మొహమే కళ్ళ ముందు. అయిదో రోజుకి తోక కొన సాపైంది. ఎనిమిదో రోజు ఎర్ర ఊపితే లటుక్కున లాక్కుంది, నా వేలు కూడా నోట్లోకి పోయింది. మోహిని పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మొప్పల మీద చిన్న చిన్న ఎర్ర కుచ్చులు మళ్ళీ వస్తున్నాయి. గడ్డం గీసిన మూడో రోజు మొహంలా ఉంది.

ఇక నాది. సోమవారం పలాస వెళ్ళాం, ఇద్దరమూ. మార్చిలో రక్తం తీసినప్పుడు క్రియాటినిన్ రెండు పాయింట్ ఒకటి, కిడ్నీ బాగుంటే ఒకటికి అటూ ఇటూ ఉంటాదట. నాకు అప్పుడే తెలుసు. నీ పదో తరగతి పరీక్షల వారమే ఆ కాగితం వచ్చింది. చెప్తే నువ్వు కాలేజీకి వెళ్ళవు. అమ్మని చూసుకున్నట్టే నన్నూ చూసుకుంటూ ఇంట్లో కూర్చుండిపోతావు. అందుకే దాచాను. నిన్ను బస్సెక్కించాక చూపించుకుందామనుకున్నాను. ఎక్కించాక భయమేసింది, నిజం అది. అప్ప వెళ్ళిన గేటులోంచే లోపలికి వెళ్ళాలి కదా.

ఇప్పుడు రెండు పాయింట్ ఎనిమిది.

పెరిగింది నీళ్ళ వల్లేనా అని అడిగాను. డాక్టరమ్మ, అలా చెప్పలేం అంది. మందు లేకుండా ఆరు నెలలు కూర్చోవడం, బీపీ, ఒళ్ళు నొప్పులకి నేను కొనుక్కుని మింగిన బిళ్ళలు, ఏది ఎంత చేసిందో ఎవరూ చెప్పలేరంది. వాళ్ళు చెప్పలేనిది నువ్వు చెప్పకు. దీన్ని నీ మీద వేసుకున్నావంటే నేను మందులు మింగను.

డయాలిసిస్ ఇప్పుడు అక్కర్లేదు. మాత్రలు, ఉప్పు తక్కువ, నెలకోసారి రక్తం. ఎండలో బోటు పని వద్దంది. అది వినగానే ఏడుపొచ్చింది, ఎదురుగానే ఏడ్చాను. కొండబాబుకి నా వంతు వలలు ఇచ్చేస్తాను. చిరిగిన వలలు బాగు చేసే పని ఇంటి దగ్గర కూర్చుని చేసుకుంటాను.

ఇంకొకటి చెప్పాలి. డాక్టరమ్మ, కాళ్ళవాపు ఎప్పటి నుంచి, ఆకలి ఎప్పుడు తగ్గింది అని అడిగింది. నాకేం గుర్తుంటాది? మోహిని సంచిలోంచి కేలండరు తీసి బల్ల మీద పరిచింది. నాకు చెప్పకుండా గోడ మీద నుంచి తీసుకొచ్చింది. డాక్టరమ్మ ఒక్కో గడీ చదువుకుంటూ పోయింది. జూలై పదహారు, బుల్లెమ్మ తిన్నది, నాకు వంగితే ఆయాసం. జూలై ఇరవై తొమ్మిది, బుల్లెమ్మ నీళ్ళు మోహిని మార్చింది, నా కాళ్ళు బరువు. ఆగస్టు నాలుగు, ఇద్దరమూ తినలేదు. అలా రాసినట్టు నాకే తెలియదు. దాని గురించి రాస్తూ పక్కన రాసేసుకున్నాను. పేషెంట్లెవరూ ఇంత వివరంగా చెప్పరంది ఆవిడ. తర్వాత "బుల్లెమ్మ ఎవరండీ, మీ అమ్మాయా?" అని అడిగింది. మోహిని నా వైపు చూసింది. నేను కాదనలేదు.

ఇప్పుడు క్యాన్లు రెండూ మాకే. బోరు దానికి. ఆటో అబ్బాయి క్యాను దించి వెళ్ళగానే మోహిని లెక్కపెట్టుకుని తాళం వేసినంత పని చేస్తోంది.

నువ్వు జూన్‌లో పంపిన గుర్తుల కాగితం పెట్టె దగ్గర నుంచి తీసి మోహిని అద్దం పక్కన అంటించింది. పొద్దున లేవగానే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పైనుంచి చదువుతుంది. తిన్నాడా? ఒళ్ళు వాచిందా? రంగు మారిందా? నా పాదం బొటనవేలితో నొక్కి చూస్తుంది. తోక దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వొస్తుంది. మొప్పల కుచ్చు తగ్గిందా అన్నది మాత్రం చదవకుండా ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతుంది. అవి దానికైతే మళ్ళీ మొలుస్తాయి కదా, అందుకు. అప్పుడు నేనే ఆఖరి ప్రశ్న చదివి, లేదు అని జవాబు చెప్పి లేస్తాను.

నీ చదువు మానకు. వచ్చే ఆదివారం మూడు నిమిషాల్లో ఏడవకు, నాకు మాట్లాడే టైము చాలదు.

మావ

వెనక వైపు ఈ నెల కేలండరు కాగితం జత చేశాను. రెండు వరసలు ఉన్నాయి. పైది దానిది, కిందది నాది.